జ్యూరీ విచారణకు కోత: ఇంగ్లండ్‌లో సాగుతున్న చర్చపై తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్ ఉప ప్రధాని, న్యాయశాఖ మంత్రి డేవిడ్ లామీ 2025 డిసెంబరు 2న పార్లమెంటులో ఒక ప్రకటన చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇప్పటిదాకా జ్యూరీ (నిందితుడు దోషో కాదో తేల్చే పన్నెండు మంది మామూలు పౌరులు) ముందు నడుస్తున్న కేసుల్లో కొన్నింటిని ఇకపై జడ్జి ఒక్కరే విని తీర్పు చెబుతారన్నది దాని సారాంశం. బారిస్టర్లు, మాజీ జడ్జీలు, బాధితుల తరఫున పనిచేసేవారు, చివరికి అధికార లేబర్ పార్టీ ఎంపీలు కూడా ఈ విషయంలో రెండు వర్గాలయ్యారు. అక్కడ స్థిరపడిన తెలుగువారికీ, ఇక్కడ న్యాయశాస్త్రం చదువుతున్నవారికీ పనికొస్తుందని ఈ ప్రశ్నలూ జవాబులూ రాస్తున్నాను. నా పక్షం ముందే చెబుతాను. కేసుల ఆలస్యం భరించరానిది, అందులో అనుమానం లేదు. అయినా ఆ ఆలస్యానికి మూల్యం జ్యూరీ చెల్లించాలనడం అన్యాయమని నా నమ్మకం. ఎదుటివారి వాదనలు ఎక్కడ బలంగా ఉన్నాయో అక్కడ ఆ మాటా చెబుతాను.

ప్రభుత్వం సరిగ్గా ఏం మార్చాలనుకుంటోంది?

ముఖ్యమైనవి నాలుగు. మూడేళ్లు, అంతకంటే తక్కువ జైలు శిక్ష పడే అవకాశం ఉన్న మధ్యస్థాయి నేరాలను జడ్జి ఒక్కరే విచారించే కొత్త కోర్టుల విభాగం ఒకటి. ‘నాకు జ్యూరీ విచారణ కావాలి’ అని కోరుకునే హక్కును ఆ నేరాల్లో నిందితుడి నుంచి తీసేయడం రెండోది. మేజిస్ట్రేట్లు (మనలా కాదు, అక్కడ వీరిలో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసే మామూలు పౌరులే) వేయగల శిక్షను 12 నెలల నుంచి 18 నెలలకు పెంచి, మరిన్ని కేసులు వారికే వదిలేయడం మూడోది. చిక్కుముడుల్లాంటి భారీ ఆర్థిక మోసాల కేసులను జడ్జికే అప్పగించడం నాలుగోది.

హత్య, అత్యాచారం, దోపిడీ వంటి తీవ్ర నేరాల్లో జ్యూరీ యథాతథంగా ఉంటుంది. అంతకు కొన్ని రోజుల ముందు పత్రికలకు పొక్కిన ప్రతిపాదనలో హద్దు మూడేళ్లు కాదు, ఐదేళ్లు. నిరసన వచ్చాక మూడుకు దిగింది. ఐదు మూడు కాగలిగినప్పుడు, మున్ముందు మూడు మళ్లీ ఐదు కాదన్న హామీ ఎవరిస్తారని వ్యతిరేకులు అడుగుతున్నారు. సమాధానం చెప్పాల్సిన ప్రశ్నే అది.

ఇప్పుడున్న పద్ధతిలో ఏ కేసు జ్యూరీ ముందుకు వెళ్తుంది?

అక్కడి నేరాలు మూడు రకాలు. చిన్న నేరాలు మేజిస్ట్రేటు కోర్టుతోనే ముగుస్తాయి. హత్యలాంటివి తప్పనిసరిగా క్రౌన్ కోర్టుకు, అంటే జ్యూరీ ముందుకు వెళ్తాయి. ఈ రెండింటికీ మధ్య దొంగతనం, ఇంట్లోకి చొరబడి దొంగిలించడం, గాయపరిచే దాడి, అమ్మడానికి మాదకద్రవ్యాలు దగ్గర ఉంచుకోవడం వంటివి ఉన్నాయి. ఇవి ఎటైనా వెళ్లవచ్చు. మేజిస్ట్రేట్లు తామే విచారిస్తామన్నా సరే, నిందితుడు జ్యూరీ కావాలని పట్టుబట్టవచ్చు. చర్చంతా ఈ మధ్య రకం గురించే.

క్రిమినల్ కేసుల్లో 90 శాతానికి పైగా మేజిస్ట్రేట్ల దగ్గరే తేలిపోతాయి. మిగిలినవాటిలోనూ చాలామంది నేరం ఒప్పుకుంటారు. అంటే జ్యూరీ దాకా వచ్చేవి మొత్తం మీద చాలా కొద్ది. ‘అంత కొద్దిపాటి దానికి ఇంత గొడవ ఎందుకు’ అని ప్రభుత్వ పక్షం అంటోంది. అంత కొద్దిపాటిది తీసేస్తే ఆలస్యం ఎలా తీరుతుందన్నది అవతలి పక్షం ఎదురు ప్రశ్న.

జ్యూరీలో ఎవరు కూర్చుంటారు? ఎలా ఎంపిక చేస్తారు?

ఓటర్ల జాబితా నుంచి కంప్యూటర్ యాదృచ్ఛికంగా పేర్లు తీస్తుంది. వయసు 18 నుంచి 75 మధ్య ఉండాలి. 13 ఏళ్లు నిండాక కనీసం ఐదేళ్లు బ్రిటన్‌లో నివసించి ఉండాలి. చదువు, ఆస్తి, ఉద్యోగం చూడరు.

కోర్టు హాల్లో జరిగేది వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వ్యవస్థ విలువ అక్కడే కనబడుతుంది. పన్నెండు మందికంటే కొంచెం ఎక్కువమందిని లోపలికి తీసుకొస్తారు. గుమస్తా దగ్గర పేర్లు రాసిన కార్డులు ఉంటాయి. వాటిని కలిపి ఒక్కొక్కటే తీసి పేరు పిలుస్తారు. పిలిచినవారు లేచి వెళ్లి జ్యూరీ బాక్సులో కూర్చుంటారు. ప్రమాణం చేయించబోయే ముందు గుమస్తా నిందితుడి వైపు తిరిగి, వీరిలో ఎవరిపైనైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమంటారు. కారణం చూపకుండా అభ్యంతరం చెప్పే వీలు 1988 చట్టంతో పోయింది కాబట్టి, నిందితుడికి ఆ జ్యూరీ సభ్యుడు తెలిసినవాడైతే తప్ప సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఒక్కొక్కరూ సాక్ష్యాధారాలను బట్టి నిజాయతీగా తీర్పు చెబుతామని ప్రమాణం చేస్తారు. బైబిల్, ఖురాన్, భగవద్గీత, ఏ గ్రంథం మీదనైనా చేయవచ్చు, దేవుడి ప్రస్తావన లేకుండానూ చేయవచ్చు. బస్సు డ్రైవరు పక్కన ప్రొఫెసరు, ఆ పక్కన నిన్నగాక మొన్న డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి. ఆ రోజు ఆ హాల్లో ఆ ముగ్గురి మాటకూ ఒకే విలువ.

వాదనలు ముగిశాక జడ్జి చట్టం వివరిస్తారు. దేని తర్వాత ఏది తేల్చుకోవాలో ప్రశ్నల వరుసగా రాసి ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. ఆ తర్వాత పన్నెండు మందీ ఒక గదిలోకి వెళ్తారు. అక్కడి మాటలు బయట చెప్పడం నేరం. మొదట ఏకాభిప్రాయం కోసమే ప్రయత్నించాలి. కనీసం రెండు గంటలకు పైగా చర్చించినా కుదరకపోతే పదిమంది ఒకవైపు ఉన్నా చాలని జడ్జి అనుమతించవచ్చు. ఈ వెసులుబాటు 1967 నుంచి ఉంది.

ఇంత తొందర ఎందుకు వచ్చింది?

క్రౌన్ కోర్టుల్లో 2019 చివరికి సుమారు 38 వేల కేసులు పెండింగులో ఉండేవి. 2025 చివరికి అవి 80 వేలకు చేరువయ్యాయి. ఇలాగే సాగితే 2028 నాటికి లక్ష అవుతాయని ప్రభుత్వం చెబుతోంది. ఇప్పుడు అభియోగం నమోదైతే విచారణ 2029లోనో, ఆ తర్వాతో అని తేదీలు ఇస్తున్న కోర్టులున్నాయి.

ఆ అంకె వెనుక మనుషులున్నారు. అత్యాచారానికి గురైన స్త్రీ నాలుగేళ్లు అదే జ్ఞాపకాన్ని మోస్తూ ఎదురుచూడాలి. అంతకాలం ఆగలేక కేసు వదిలేసేవారున్నారు. తప్పు చేయని నిందితుడు ఉద్యోగం పోగొట్టుకుని, పెళ్లి ఆగిపోయి, పేరు మాసిపోయి నాలుగేళ్లు తలవంచుకుని బతకాలి. సాక్షులకు చూసింది గుర్తుండదు. జ్యూరీని సమర్థించేవారు ఈ బాధను పక్కన పెట్టి మాట్లాడితే వారి మాట వినాల్సిన అవసరం లేదు.

ఈ సిఫార్సు ఎవరిది?

రిటైర్డ్ జడ్జి సర్ బ్రయాన్ లెవిసన్ నేతృత్వంలోని సమీక్ష 2025 జూలైలో నివేదిక ఇచ్చింది. అయితే మధ్యస్థాయి కేసులకు ఆయన సూచించింది ఒక జడ్జి, ఇద్దరు మేజిస్ట్రేట్లు కలిసి కూర్చునే బెంచి. మామూలు పౌరుల పాత్ర కొంతైనా మిగిలేది. ప్రభుత్వం ఆ ఇద్దరినీ తీసేసి జడ్జిని ఒంటరిగా కూర్చోబెట్టింది. ఈ తేడా చాలా వార్తల్లో కనబడలేదు.

జ్యూరీని తగ్గిస్తే ఆ పెండింగు కేసుల కుప్ప కరుగుతుందా?

జడ్జి ఒక్కరే విచారిస్తే ఒక్కో కేసుకు పట్టే సమయం 20 శాతం తగ్గవచ్చని లెవిసన్ నివేదిక అంచనా. జ్యూరీ ఎంపిక ఉండదు, వారికి వివరించాల్సిన పని ఉండదు, వారు చర్చించుకునే గంటలు మిగులుతాయి. వినడానికి సబబే. కానీ జడ్జి ఒక్కరే తేల్చాలంటే ఎవరి మాట ఎందుకు నమ్మారో, ఎవరిది ఎందుకు నమ్మలేదో రాసి ఇవ్వాలి. ఆ రాతకు పట్టే రోజులు లెక్కలో ఎంతవరకు చేరాయన్నది బారిస్టర్ల సంఘాల ప్రశ్న. పైగా ఏ కేసులో మూడేళ్లలోపు శిక్ష పడుతుందో ముందే తేల్చడానికి మరో దఫా వాదనలు జరుగుతాయి. ఆ నిర్ణయం మీద మళ్లీ వివాదం.

ఆలస్యానికి అసలు కారణాలు ఆ కోర్టుల్లో పనిచేసేవారిని అడిగితే చెబుతారు. ఏటా ఎన్ని రోజులు కోర్టులు కూర్చోవాలో డబ్బు లెక్క చూసి ప్రభుత్వమే పరిమితి పెట్టింది. దాంతో జడ్జి ఉండి, హాలు ఉండి కూడా తాళం వేసి ఉన్న రోజులున్నాయి. లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్ క్రౌన్ కోర్టును 2019లో మూసేశారు. మరుసటి ఏడాదే కోవిడ్ వచ్చింది. న్యాయ సహాయం కింద ఇచ్చే ఫీజులు ఏళ్ల తరబడి పెరగక క్రిమినల్ బారిస్టర్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. 2022లో వారు సమ్మెకు దిగాల్సి వచ్చింది. పైకప్పులు కారే భవనాలు, జైలు నుంచి నిందితుణ్ని సమయానికి తీసుకురాని వ్యాన్లు, చివరి నిమిషంలో అందే సాక్ష్యాలు. ఈ జాబితాలో పన్నెండు మంది పౌరులు చేసిన తప్పు ఒక్కటీ లేదు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అని మన పెద్దలు అన్నది ఇలాంటి దాన్నే.

భారతదేశంలో జ్యూరీ లేదు కదా. మన అనుభవం ఏం చెబుతోంది?

ఈ చర్చలో మనం గట్టిగా చెప్పగల మాట ఇదే. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక మనకు క్రిమినల్ కేసుల్లో జ్యూరీ లేదు. అర్ధ శతాబ్దం దాటింది. ప్రతి సెషన్స్ కేసూ జడ్జి ఒక్కరే వింటారు. జ్యూరీ లేకపోతే విచారణ చకచకా సాగుతుందన్నది నిజమైతే మన కోర్టులు ప్రపంచానికి ఆదర్శంగా ఉండాలి. దేశంలో అన్ని కోర్టుల్లోనూ కలిపి పెండింగు కేసులు 5 కోట్లు దాటాయి. వాయిదాల కోసం చెప్పులు అరిగేలా తిరిగినవారు లేని ఊరు తెలుగునాట ఉందా? జడ్జి పోస్టులు ఖాళీగా ఉంటే, సాక్షులు రాకపోతే, ఫోరెన్సిక్ నివేదిక నెలల తరబడి అందకపోతే, తీర్పు చెప్పేది ఒకరైనా పన్నెండు మందైనా ఆలస్యం తప్పదు.

దీన్నిబట్టి మనకూ జ్యూరీ కావాలని నేను అనడం లేదు. అది వేరే చర్చ.

మన దగ్గర జ్యూరీ పోయింది నానావతి కేసువల్లే అంటారు. నిజమేనా?

పూర్తిగా కాదు. నౌకాదళ అధికారి కె.ఎం. నానావతి 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపారు. జ్యూరీ 8–1 ఆధిక్యంతో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఆ తీర్పును అంగీకరించక హైకోర్టుకు పంపారు. హైకోర్టు దోషిగా తేల్చి యావజ్జీవం విధించింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు రాసినవారు మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయినవారు. కోపం చల్లారే వ్యవధి నానావతికి దొరికిందని, హఠాత్తుగా రెచ్చిపోయి చేసిన పనిగా దాన్ని చూడలేమని ఆ తీర్పు చెప్పింది. ఒక వారపత్రిక ఆయన పక్షాన పెద్ద ఎత్తున ప్రచారం చేయడంతో జ్యూరీలు పత్రికలకు లొంగుతాయన్న అభిప్రాయం స్థిరపడింది.

అయితే జ్యూరీని రద్దు చేయాలని లా కమిషన్ తన 14వ నివేదికలో 1958లోనే, అంటే ఆ తుపాకీ పేలకముందే సిఫార్సు చేసింది. దేశంలో చాలాచోట్ల అప్పటికే జ్యూరీ లేదు. ఆ కేసు, అప్పటికే వెళ్లిపోతున్న వ్యవస్థ మీద చివరిగా పడిన వెలుగు మాత్రమే.

మన జనం జ్యూరీ కోసం ఎందుకు కంటతడి పెట్టలేదో అర్థం కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1908లో బాలగంగాధర తిలక్‌పై రాజద్రోహం కేసు బొంబాయి హైకోర్టులో జరిగింది. జ్యూరీలో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్శీలు. తీర్పు 7–2. ఏడుగురూ దోషి అన్నారు, ఇద్దరూ కాదన్నారు. ఆరేళ్ల ప్రవాస శిక్ష పడి తిలక్ మాండలే జైలుకు వెళ్లారు. అంతకుముందు, తెల్లవారిపై కేసులను భారతీయ జడ్జీలు వినే వీలు కల్పించబోయిన ఇల్బర్ట్ బిల్లు గొడవలో తెల్లవారు సాధించుకున్నది కూడా ఇదే: తమపై కేసు వస్తే జ్యూరీలో కనీసం సగం మంది తమవారే ఉండాలని. మనకు పరిచయమైన జ్యూరీ మన మనుషులది కాదు. జ్యూరీ విలువ అందులో ఎవరు కూర్చుంటారన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఇంగ్లండ్‌లోనూ 1970ల దాకా ఇంటి ఆస్తి విలువ చూసే జ్యూరీకి పిలిచేవారు. ఆ నిబంధన 1974లో పోయింది. కూలివాడు, అద్దె ఇంట్లో ఉండే మహిళ, వలస వచ్చిన కుటుంబంలోని పిల్లలు జ్యూరీ గదిలోకి అడుగుపెట్టి యాభై ఏళ్లే అయింది. వారు వచ్చిన ఇన్నాళ్లకు ఆ గది తలుపులు కొన్నింటిని మూస్తున్నారన్నది నన్ను ఎక్కువగా బాధించే విషయం.

జ్యూరీ లేకపోతే స్వేచ్ఛకు ముప్పు అంటారు. అది అతిశయోక్తి కాదా?

1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవారు) లండన్‌లోని గ్రేస్‌చర్చ్ వీధిలో ప్రసంగించారు. చట్టవిరుద్ధంగా జనాన్ని పోగుచేశారని అభియోగం. జ్యూరీ దోషులనడానికి ఒప్పుకోలేదు. కోర్టు వారిని తిండి, నీళ్లు, చలిమంట లేకుండా రాత్రుళ్లు బంధించింది. అయినా మాట మార్చలేదు. చివరికి నిర్దోషులనే అన్నారు. అందుకు ఒక్కొక్కరికీ 40 మార్కుల జరిమానా వేశారు, కట్టేవరకు జైలు. ఎడ్వర్డ్ బుషెల్ అనే సభ్యుడు కట్టనన్నాడు. తన నిర్బంధం చట్టబద్ధమేనా అని ప్రశ్నిస్తూ హెబియస్ కార్పస్ వేశాడు. తాము నమ్మింది చెప్పినందుకు జ్యూరీని శిక్షించే అధికారం ఏ జడ్జికీ లేదని ప్రధాన న్యాయమూర్తి వాన్ తీర్పు ఇచ్చారు. ఆ పన్నెండు మంది ధైర్యాన్ని స్మరిస్తూ ఓల్డ్ బెయిలీ కోర్టులో ఫలకం ఉంది. పెన్ తర్వాత అమెరికా వెళ్లి పెన్సిల్వేనియా స్థాపించాడు.

పాత కథ అనుకుంటే 1985కి రండి. ఫాక్లండ్స్ యుద్ధంలో అర్జెంటీనా నౌక బెల్‌గ్రానోను ముంచిన తీరుపై ప్రభుత్వం చెప్పిన మాటలకు విరుద్ధమైన పత్రాలను రక్షణశాఖ అధికారి క్లైవ్ పాంటింగ్ ఒక ఎంపీకి పంపారు. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. దేశ ప్రయోజనం అంటే ఆ సమయంలో అధికారంలో ఉన్న ప్రభుత్వం చెప్పేదే అన్నట్టుగా జడ్జి చట్టాన్ని వివరించారు. జ్యూరీ ఆయన్ను విడుదల చేసింది. జడ్జి ఒక్కరే కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

కళ్లముందు చట్టం ఉల్లంఘించినవాణ్ని జ్యూరీ వదిలేయడం న్యాయమా?

ఇది ఎదుటివారి బలమైన ప్రశ్నల్లో ఒకటి. 2020 జూన్‌లో బ్రిస్టల్‌లో బానిసల వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని లాగి పడేసిన నలుగురిని 2022 జనవరిలో జ్యూరీ నిర్దోషులుగా తేల్చింది. వారు విగ్రహాన్ని పడగొట్టడంలో పాలుపంచుకున్నారన్నది వివాదం కాదు. చాలామందికి అది న్యాయం, చాలామందికి అది చట్టానికి చెంపదెబ్బ. ఇదే అధికారం జాతి ద్వేషంతో వాడితే ఎంత ఘోరమో అమెరికా దక్షిణ రాష్ట్రాలు చూపించాయి. నల్లవారిని చంపిన తెల్లవారిని తెల్లవారి జ్యూరీలు వదిలేశాయి. ఆ భయం నిజమే. దానికి మందు జ్యూరీలో అన్ని వర్గాలవారూ ఉండేలా చూడడం. ఆ పని ఇంగ్లండ్‌లో చాలావరకు జరిగింది కూడా.

చట్టం తెలియని మామూలు మనుషులు తీర్పు ఎలా చెప్పగలరు?

చట్టం చెప్పేది జడ్జి. జరిగింది ఏమిటో తేల్చేది జ్యూరీ. ఒక మనిషి అబద్ధమాడుతున్నాడో లేదో గ్రహించడానికి న్యాయశాస్త్ర పట్టా అక్కరలేదు.

అయినా లోపం లేదనను. 2010లో న్యాయశాఖ ప్రచురించిన ప్రొఫెసర్ షెరిల్ థామస్ అధ్యయనంలో జడ్జి నోటితో చెప్పిన చట్ట వివరణను పూర్తిగా అర్థం చేసుకున్నవారు మూడింట ఒక వంతు లోపే. అదే వివరణను ఒక పేజీలో రాసి ఇస్తే దాదాపు సగం మందికి అర్థమైంది. ఇప్పుడు రాసి ఇచ్చే పద్ధతి బలపడడానికి ఇలాంటి పరిశోధనలే కారణం. సరిదిద్దుకునే దారి ఉన్నచోట రద్దు గురించి ఎందుకు మాట్లాడాలి?

భారీ ఆర్థిక మోసాల కేసుల మాటేమిటి? నెలల తరబడి లెక్కలు వినడం ఎవరి తరం?

లండన్ జూబిలీ లైన్ మెట్రో విస్తరణలో అవినీతిపై పెట్టిన కేసు 2003లో మొదలై 2005లో తీర్పు లేకుండానే కుప్పకూలింది. కోట్ల పౌండ్లు వృథా. అందరూ జ్యూరీని తప్పుపట్టారు. తర్వాత అధికారికంగా విచారించి, ఆ జ్యూరీ సభ్యులతో మాట్లాడితే, వారికి సాక్ష్యం బాగానే అర్థమైందని తేలింది. కేసును నడిపిన తీరులోనే లోపం ఉంది. ఏడాదికి పైగా ఒక మనిషిని ఉద్యోగం మాన్పించి కూర్చోబెట్టడం మాత్రం నిజంగా కష్టమే. ఈ ఒక్క రకం కేసుల్లో మినహాయింపు వాదనను నేను కొట్టిపారేయను.

జడ్జి అయితే కారణాలు రాస్తారు. జ్యూరీ ‘దోషి’, ‘నిర్దోషి’ అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోతుంది. మొదటిదే మేలు కదా?

అప్పీలు చేసుకునేవారికి కారణాలు ఉండడం మేలే, ఒప్పుకుంటాను. కానీ ఏళ్ల తరబడి రోజూ అదే రకం కేసులు, అవే సాకులు, అదే పోలీసు సాక్ష్యం వినే మనిషి మనసు మొద్దుబారుతుంది. ఎంత నిజాయతీపరుడైనా సరే. జ్యూరీ సభ్యులకు అది జీవితంలో మొదటి కేసు. ఎదుట నిలబడిన మనిషిని వారు కొత్తగా చూస్తారు.

మైనారిటీలకు, వలస వచ్చినవారికి దీనివల్ల తేడా ఉంటుందా?

ఉంటుంది. నల్లజాతి, ఆసియా, ఇతర మైనారిటీలపై న్యాయవ్యవస్థ తీరును సమీక్షించి 2017లో వెలువడిన నివేదిక, జ్యూరీలు జాతిని బట్టి తీర్పులు చెప్పడం లేదని మెచ్చుకుంది. అరెస్టులోనూ శిక్షల్లోనూ వివక్ష కనబడినా జ్యూరీ గదిలో కనబడలేదు. ఆ సమీక్షకు నేతృత్వం వహించింది డేవిడ్ లామీయే. 2020లో జ్యూరీ లేని విచారణలు మంచి ఆలోచన కాదని ఆయనే బహిరంగంగా అన్నారు. పరిస్థితి మారింది కాబట్టి అభిప్రాయం మారిందని ఇప్పుడు ఆయన పక్షం చెబుతోంది. కానీ న్యాయస్థానాల్లో పీఠాల మీద కూర్చునేవారిలో నల్లవారు, ఆసియన్లు ఇప్పటికీ తక్కువే. పన్నెండు మందిలో మన రంగు మనిషి ఒకరుండే అవకాశానికీ, ఒకే ఒక్క జడ్జి మన రంగు మనిషి అయ్యే అవకాశానికీ ఎంత దూరమో లెక్క వేసుకోవచ్చు.

ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిదా?

కాదు. 1933 చట్టంతో చాలా సివిల్ కేసుల్లో జ్యూరీ పోయింది. 1988లో సాధారణ దాడి, అనుమతి లేకుండా వాహనం తీసుకెళ్లడం వంటివి మేజిస్ట్రేట్లకే పరిమితమయ్యాయి. 1999, 2000లలో హోంమంత్రి జాక్ స్ట్రా నిందితుడి ఎంపిక హక్కును తీసేసే బిల్లులు తెస్తే పార్లమెంటు ఎగువ సభ అయిన లార్డ్స్ అడ్డుకుంది. 2003 చట్టం మోసం కేసుల్లో జ్యూరీని తప్పించే సెక్షన్ పెట్టింది. అది ఒక్కరోజు కూడా అమలు కాకుండానే 2012లో రద్దయింది. జ్యూరీని బెదిరించే ప్రమాదం ఉన్న కేసుల్లో జడ్జి ఒక్కరే విచారించే వీలు మాత్రం అదే చట్టం ద్వారా వచ్చింది. హీత్రూ విమానాశ్రయ దోపిడీ కేసును 2010లో అలాగే విచారించారు.

ఉత్తర ఐర్లండ్‌లో 1973 నుంచి ‘డిప్లాక్ కోర్టులు’ ఉండేవి. సాయుధ వర్గాలు జ్యూరీ సభ్యులను బెదిరిస్తాయన్న భయంతో జడ్జి ఒక్కరే విచారించేవారు. 2007లో ఆ వ్యవస్థ ముగిసిందన్నారు గానీ, ప్రత్యేక ధ్రువపత్రంతో జ్యూరీ లేని విచారణలు అక్కడ నేటికీ సాధ్యమే. తాత్కాలికమని తెచ్చినవి ఎంతకాలం ఉండిపోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

మాగ్నా కార్టా ఈ హక్కు ఇచ్చిందా?

ఇంగ్లండ్ రాజు 1215లో ఒప్పుకున్న ఆ హక్కుల పత్రంలో 39వ నిబంధన సాటివారి తీర్పు గానీ, దేశ చట్టం గానీ లేకుండా ఏ స్వతంత్రుణ్నీ బంధించరాదంటుంది. నేటి జ్యూరీ అప్పటికి పుట్టలేదు కాబట్టి రెండూ ఒకటే అనడం సరికాదు. వెంటనే వచ్చే 40వ నిబంధన న్యాయాన్ని ఆలస్యం చేయరాదంటుంది. ఒక పక్షం మొదటిదాన్ని, మరో పక్షం రెండోదాన్ని చూపిస్తున్నాయి.

మిగతా దేశాల్లో ఎలా ఉంది?

అమెరికాలో ఆరు నెలలకు మించి శిక్ష పడే అవకాశం ఉన్న నేరాలకు జ్యూరీ రాజ్యాంగ హక్కు. కెనడాలో గరిష్ఠ శిక్ష ఐదేళ్లు, అంతకుమించి ఉంటే హక్కు ఉంది. అయితే అక్కడ చాలామంది నిందితులు తామే జడ్జిని ఎంచుకుంటారు. తనంతట తాను వదులుకోవడం వేరు, ప్రభుత్వం లాక్కోవడం వేరు. స్కాట్లండ్‌కు సొంత వ్యవస్థ ఉంది. అక్కడ జ్యూరీలో 15 మంది. అత్యాచారం కేసులను ప్రయోగాత్మకంగా జ్యూరీ లేకుండా విచారించాలన్న ఆలోచనను న్యాయవాదులు బహిష్కరిస్తామన్నారు. పార్లమెంటులో తగిన మద్దతు లేక అక్కడి ప్రభుత్వం 2024లో దాన్ని విరమించుకుంది.

మరి ఆలస్యం తగ్గాలంటే ఏం చేయాలి?

కోర్టులు కూర్చునే రోజులపై పరిమితి ఎత్తేయాలి. మూతపడిన హాళ్లు తెరవాలి. ఫీజులు పెంచి బారిస్టర్లను వెనక్కి రప్పించాలి. నేరం ఒప్పుకునే ఉద్దేశం ఉన్నవారు మొదటి వాయిదాలోనే ఒప్పుకునేలా చూడాలి. ఖైదీల వ్యాన్లు సమయానికి రావాలి. డబ్బు ఖర్చవుతుంది, పత్రికల్లో పెద్ద శీర్షికలు రావు. ముందు ఇవన్నీ చేసి, రెండేళ్లు చూసి, అప్పటికీ కుప్ప తగ్గకపోతే లెవిసన్ చెప్పిన ముగ్గురి బెంచి గురించి, అదీ గడువు విధించిన చట్టంతో, మాట్లాడవచ్చు.

పార్లమెంటు దీన్ని ఆపగలదా?

జ్యూరీ హక్కుకు అక్కడ రాసిపెట్టిన రాజ్యాంగ రక్షణ లేదు. దిగువ సభ అయిన కామన్స్‌లో సాధారణ మెజారిటీ చాలు. లేబర్‌కు భారీ మెజారిటీ ఉన్నా, ఆ పార్టీ ఎంపీ, బారిస్టర్ అయిన కార్ల్ టర్నర్ వంటివారు బహిరంగంగా ఎదురు తిరిగారు. పైగా 2024 ఎన్నికల ప్రణాళికలో ఈ మాట లేదు. ప్రణాళికలో చెప్పిన బిల్లులను లార్డ్స్ సభ అడ్డుకోకూడదన్న సంప్రదాయం దీనికి వర్తించదు. లార్డ్స్ కాదన్నా, మరుసటి సమావేశాల్లో మళ్లీ ఆమోదించి 1911, 1949 పార్లమెంటు చట్టాల కింద నెగ్గించుకునే దారి కామన్స్‌కు ఉంది.

నేను భారత పౌరుణ్ని, ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. నన్నూ జ్యూరీకి పిలుస్తారా?

పిలవవచ్చు. కామన్వెల్త్ పౌరులకు అక్కడ ఓటు హక్కు ఉంది కాబట్టి మీ పేరు ఓటర్ల జాబితాలో ఉండి, ఐదేళ్ల నివాసం పూర్తయితే, బ్రిటిష్ పాస్‌పోర్టు లేకున్నా సమన్లు రావచ్చు. అమెరికాలోనైతే పౌరసత్వం తప్పనిసరి.

సమన్లకు జవాబివ్వకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. సాధారణంగా పది పనిదినాలు వెళ్లాలి. ఆ తేదీల్లో పరీక్షో, ముందే బుక్ చేసుకున్న భారత ప్రయాణమో ఉంటే ఒకసారి వాయిదా కోరవచ్చు. జ్యూరీకి వెళ్లినందుకు యజమాని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, కానీ ఆ రోజులకు జీతం ఇవ్వాలన్న నియమం లేదు. పోగొట్టుకున్న ఆదాయానికి కోర్టు కొంత పరిహారం ఇస్తుంది. మొదటి పది రోజులకు అది రోజుకు గరిష్ఠంగా 64.95 పౌండ్లు. ఇంగ్లిషు విచారణను అనుసరించేంతగా రాదనిపిస్తే కోర్టు సిబ్బందికి ముందే చెప్పండి, జడ్జి మినహాయించవచ్చు. కేసు నడుస్తుండగా నిందితుడి పేరు ఇంటర్నెట్‌లో వెతకడం నేరం, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇంట్లో భార్యకో భర్తకో కూడా కేసు వివరాలు చెప్పకూడదు. పిలుపు వస్తే తప్పించుకునే సాకు వెతక్కుండా వెళ్లమనే నా సలహా.